ఎరుపు అంచు తల వైపు

1980ల తొలినాళ్లు. అమెరికాలో ఓ చిన్న ఊరు. పెరట్లోని ఈతకొలనులోంచి తీసిన మూడేళ్ల బాబుని అంబులెన్స్‌లోకి ఎక్కించారు. గుండె ఆడటం లేదు.

"బరువెంతుంటాడమ్మా?"

"ముప్పై పౌండ్లేమో... సరిగ్గా తెలీదండీ!"

ఒకరు ఛాతీ నొక్కుతున్నారు. రెండోవారి మెదడులో లెక్కలు. ముప్పై పౌండ్లంటే దాదాపు 14 కిలోలు. కిలోకి 0.01 మిల్లీగ్రాముల ఎడ్రినలిన్. అంటే 0.14 మిల్లీగ్రాములు. చేతిలో ఉన్నది పెద్దవాళ్ల సిరంజి: పది మిల్లీలీటర్లలో ఒక మిల్లీగ్రాము. అందులోంచి 1.4 మిల్లీలీటర్లే ఎక్కించాలి. దశాంశ చుక్క ఒక్క స్థానం కుడికి జరిగిందా, పెద్దవాళ్లకిచ్చే మోతాదు కన్నా ఎక్కువే ఆ పసివాడి ఒంట్లోకి వెళ్తుంది. తల్లి ఏడుస్తుంటే, బండి మలుపు తిరుగుతుంటే చేయాల్సిన గుణకారం ఇది!

ఈ దృశ్యం నేను అల్లిందే. లెక్క మాత్రం నిజం. అప్పటి అంబులెన్స్ వ్యవస్థ పెద్దవాళ్ల గుండెపోట్లని, రోడ్డు ప్రమాదాల్ని దృష్టిలో పెట్టుకుని ఎదిగింది. పిల్లల కోసం వచ్చే ఫోన్లు పదింట ఒకటికి అటూ ఇటూ. అరుదుగా చేసే పని చెయ్యి మరిచిపోతుంది. అది సిబ్బంది అలసత్వమని నేననుకోను.

నార్త్ కరొలైనాలోని హికరీలో జేమ్స్ బ్రోస్లో అనే ఎమర్జెన్సీ డాక్టరు ఈ లెక్కనే తీసి పక్కన పెట్టాలనుకున్నారు. పిల్లాణ్ణి ఆ గడబిడలో తూచలేం, కొలవగలం. పొడవుని బట్టి బరువు అంచనాకి అందుతుంది. రంగురంగుల గళ్లతో ఒక టేపు తయారుచేశారు. ఎరుపు అంచు తల దగ్గర పెట్టాలి, మడమ ఏ రంగు మీదకొస్తే ఆ గడిలో మందుల మోతాదులు, గొట్టాల సైజులు రాసి ఉంటాయి. ఫ్లోరిడా డాక్టరు రాబర్ట్ ల్యూటెన్ ఆయనతో చేయి కలిపారు. 1988లో ఈ పద్ధతి వైద్య పత్రికకెక్కింది.

అప్పటికే మరోచోట మరో కదలిక మొదలైంది. హవాయి పిల్లల డాక్టరు కాల్విన్ సియా, ఆ రాష్ట్ర సెనేటర్ డేనియల్ ఇనౌయే వంటివాళ్లు పట్టుబట్టారు. 1984లో పిల్లల అత్యవసర వైద్యానికి ప్రత్యేక పథకాన్ని అమెరికన్ కాంగ్రెస్ ఆమోదించింది. 1986లో అలబామా, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఆరిగన్‌లకి తొలి నిధులు అందాయి. 2006లో అమెరికా వైద్య నిపుణుల నివేదిక ఇంకో సూచన చేసింది: ప్రతి అంబులెన్స్ సంస్థలో పిల్లల వైద్యం సంగతి చూసుకోవడానికి ఒక బాధ్యుడుండాలని. నాకు అన్నిటికన్నా పనికొచ్చే మాటగా తోచింది ఇదే. టేపు కొనేస్తే సరా? అది ఏ సంచిలో ఉందో, ఆ సంచిలో చిన్న మాస్కు ఉందో లేదో అడిగేవాడుండాలి కదా.

మన దగ్గర 108 నంబరు అంబులెన్స్‌లు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో రోడ్డెక్కాయి. ఆ తర్వాత 2008లో, ముంబై పిల్లల మీద ఈ టేపుని సరిచూసిన పరిశీలన వెలువడింది. 10 కిలోలు దాటిన పిల్లల బరువుని టేపు సగటున పది శాతానికి పైగా ఎక్కువ చూపించింది. అది అమెరికా పిల్లల కొలతలతో గీసింది మరి. అలాంటి పిల్లలకి పది శాతం తగ్గించి చూస్తే అంచనా మెరుగైందన్నారు పరిశోధకులు. లెక్క తప్పించడానికి పుట్టిన టేపు, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఓ తీసివేత అడిగింది.