స్వర్ణకు చేర్చిన ఒక్క గుణం

గోదావరి డెల్టాలో కాలువ నీటి చరిత్ర గురించి చాలా రాశారు. మురుగు నీటి చరిత్ర గురించి రాసింది తక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు సాగునీరు వచ్చింది కానీ, వచ్చిన నీరు బయటికి పోయే దారి కాట్రేనికోన లాంటి సముద్రతీర మండలాల్లో ఇరుకుగానే ఉండిపోయింది. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు లాగవు. సార్వా ఊడ్పులు అయిన కొద్ది రోజులకే అల్పపీడనం పట్టుకుందంటే పిలక వేయాల్సిన చేను నీళ్ల అడుగున పడి ఉంటుంది. ఇలాంటి నేలకు ప్రయోగశాల ఏం చేయగలిగిందని అడిగితే, అది కొత్త వరిని పుట్టించలేదనే చెప్పాలి. రైతు అప్పటికే మెచ్చిన వరిని చెడగొట్టకుండా దానికి ఒక్క గుణం చేర్చింది. నా దృష్టిలో ఆ పని గొప్పతనమంతా ఆ చెడగొట్టకపోవడంలోనే ఉంది.

మెచ్చిన వరి అంటే స్వర్ణ. 1925లో మొదలైన మార్టేరు పరిశోధన కేంద్రంలో వసిష్ఠనూ, మలేషియా నుంచి వచ్చిన మసూరినీ సంకరం చేసి తీసిన ఎంటీయూ 7029 అది. 1982లో విడుదలై ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోనూ పండింది. ఎరువు తక్కువైనా గింజ ఇస్తుంది, బియ్యం జనానికి నచ్చింది. దాని లోటల్లా ముంపే. పొట్టి మొక్క కావడంతో పూర్తిగా మునిగిందంటే వారం దాటి తట్టుకోవడం కష్టం. మునిగిన వరి గాలి కోసం ఆకులను పైకి సాగదీస్తుంది. ఆ సాగుడుకే ఒంట్లో ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుంటుంది. తీరా నీరు తీసేసరికి నిలబడే సత్తువ లేక వాలి కుళ్లిపోతుంది.

దీనికి విరుగుడు ఒడిశా పల్లపు పొలాల రైతుల దగ్గర ముందునుంచే ఉంది. వాళ్లు పండించుకున్న ధుల్లపుటియా నుంచి ఏరిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే వంగడం మునిగినప్పుడు ఎదుగుదల ఆపేసి, ఉన్న బలాన్ని దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. దాన్ని మంచి రకాలతో సంకరం చేసే ప్రయత్నాలు దశాబ్దాలు సాగాయి. ముంపు ఓర్పు వచ్చిన చోట దాని వెంటే తక్కువ దిగుబడీ, నచ్చని గింజా వచ్చేవి. ప్రయోగశాల అవసరం సరిగ్గా ఇక్కడే పడింది. 1996లో కెనాంగ్ షు, డేవిడ్ మాకిల్ ఈ గుణం ప్రధానంగా తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒకే చోట ఉందని చూపించారు. 2006లో పమేలా రొనాల్డ్ బృందంతో కలిసి సబ్1ఎ అనే జన్యువును గుర్తించారు. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణను మళ్లీ మళ్లీ తల్లిగా వాడారు. ప్రతి తరంలో లేత ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ గుర్తులు చూసి, సబ్1 ఉండి మిగతాదంతా స్వర్ణనే పోలిన మొక్కలను మాత్రమే ఉంచారు. మొక్క మునిగి చస్తుందా బతుకుతుందా అని ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తూ కూర్చోవాల్సిన పని తప్పింది. 2007లో ఈ పని వివరాలు ప్రచురించిన బృందంలో ముందు పేరు సి.ఎన్. నీరజది. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. హైదరాబాద్‌లో వరి పరిశోధన డైరెక్టరేట్, సీసీఎంబీ కలిసి సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చిందీ ఈ దారిలోనే.

ఇది జన్యుమార్పిడి పంట కదా అని కొందరు శంకిస్తారు. కాదు. వరి నుంచి వరికే, పుప్పొడి దులిపి చేసిన సంకరం ఇది. డీఎన్‌ఏ పరీక్ష ఏ మొక్కను ఉంచాలో చెప్పింది, మొక్కలోకి ఏమీ ఎక్కించలేదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం కోనసీమ నుంచే వస్తుంది: 2009కే ఇలాంటి విత్తనం ఉంటే, 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి సార్వాను ఎందుకు వదిలేశారు? ప్రశ్న న్యాయమైనదే. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు ఏ జన్యువుకూ లొంగేవి కావు. ముంపు సంగతికొస్తే, సబ్1 కాపాడేది పూతకు ముందు, అదీ రెండు వారాల వరకు. పూడిక తీయని డ్రెయిన్ వల్ల నెలల తరబడి నిలిచే నీటికి అది జవాబు కాదు. 1996 నవంబర్ 6న ఈ తీరాన్ని ఊడ్చేసిన తుపాను లాంటిది కోతల ముందు వస్తే, పండిన చేను నేలవాలకుండా ఆపలేదు. అందుకని విత్తనం వృథా అనడం తొందరపాటు. రెండు వారాల గడువు దొరికితే అదును దాటాక మళ్లీ నారు పోసి ఊడ్చే ఖర్చు తప్పుతుంది. కౌలు రైతుకు ఆ తేడా చిన్నది కాదు. అయితే విత్తనాన్ని చూపించి డ్రెయిన్ పనులు వాయిదా వేసేవాళ్లు ఈ పరిశోధనకూ రైతుకూ అన్యాయం చేస్తున్నట్టే.

కాట్రేనికోనకు ముంపుతో పాటు ఉప్పు బెడద కూడా ఉంది. అక్కడ పని ఇంత సులువుగా తేలలేదు. కేరళ తీరపు పొక్కాలి వరిలో దొరికిన సాల్టోల్ అనే భాగం నారు దశలో మొక్కను ఉప్పు నుంచి కాపాడుతుంది. పూత దశలో ఉప్పును తట్టుకోవడం వేరే గుణం. దాని వెనుక ఉన్నది ఒక్క జన్యువు కాదు, తలా కొంచెం సాయపడే చాలా జన్యువులు. స్వర్ణ సబ్1 లాగా ఒక్క చోటు పట్టుకుని పని ముగించే వీలు ఇక్కడ లేదు.