గుండెపోటు నమోదులు - ప్రామాణ్య పరీక్ష: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
రోగి డిశ్చార్జి కాగానే కేస్ షీట్‌లోని వివరమంతా ఒక చిన్న సంకేతంగా మారుతుంది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ తొమ్మిదవ సవరణలో తీవ్ర గుండెపోటుకు సంకేతం 410. పదవ సవరణలో ఐ21. బీమా చెల్లింపులకు, పాలనావసరాలకు ఏర్పడిన ఈ నమోదులు క్రమంగా వైద్య పరిశోధనకు ఆధారాలయ్యాయి. వాటిని ఎంతవరకు విశ్వసించవచ్చునన్న ప్రశ్న నుండే ప్రామాణ్య పరీక్ష ఆవిర్భవించింది.

మారిన నిర్వచనం:
1980వ దశకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రారంభించిన మోనికా అధ్యయనం 21 దేశాలలో గుండెపోటును ఒకే కొలమానంతో గుర్తించడానికి పూనుకొంది. రోగ లక్షణాలు, ఈసీజీ, రక్తంలోని ఎంజైములు, మరణించినవారి విషయంలో శవపరీక్ష ఫలితాలు అందుకు ప్రాతిపదికలు. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు ట్రోపోనిన్ పరీక్షకు ప్రాధాన్యమిస్తూ నిర్వచనాన్ని సవరించాయి. దానితో పూర్వం లెక్కకు రాని స్వల్ప హాని కూడా గుండెపోటుగా నమోదు కాసాగింది. పేరు అదే అయినా అర్థపరిధి విస్తరించింది. కనుక 1990 నాటి సంఖ్యను 2010 నాటి సంఖ్యతో నేరుగా పోల్చడం పొరపాటవుతుంది.

రెండు ప్రశ్నలు:
శాసన నకలును మూలశిలతో సరిచూసినట్లే, పరీక్షకులు సంకేతాన్ని కేస్ షీట్‌తో సరిచూస్తారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. గుండెపోటుగా నమోదైనవారిలో నిజంగా ఎందరికి వచ్చింది? నిజంగా వచ్చినవారిలో ఎందరు నమోదయ్యారు? మొదటిదానికి లభించిన తృప్తికరమైన సమాధానం రెండవదానికి హామీ కాదు.

అమెరికాలో మెడికేర్ బీమా క్లెయిములపై 2004లో వెలువడిన అధ్యయనం మొదటి ప్రశ్నను చేపట్టింది. పెన్సిల్వేనియాకు చెందిన రెండు వేలకు పైగా కేస్ షీట్లను పరిశీలించగా, 94.1 శాతం నమోదులు సరైనవని తేలింది. ఇంగ్లాండ్‌లో 2013లో ప్రచురితమైన అధ్యయనం రెండవ ప్రశ్న తీవ్రతను చూపింది. కుటుంబ వైద్యుల రికార్డులు, ఆసుపత్రి నమోదులు, గుండెపోటు రిజిస్ట్రీ - ఈ మూడింటిలోనూ కనిపించిన ప్రాణాంతకం కాని గుండెపోట్లు 31 శాతం మాత్రమే. ఏ ఒక్క ఆధారాన్ని నమ్ముకొన్నా వ్యాధి సంభవం 25 నుండి 50 శాతం వరకు తగ్గి కనిపిస్తుందని ఆ అధ్యయనం నిర్ధారించింది.

ఫలితం:
ఇది కేవలం లెక్కల వివాదం కాదు. గుండెపోటు ముప్పు కారణంగా రోఫెకాక్సిబ్ అనే నొప్పి నివారిణిని 2004 సెప్టెంబరు 30న మార్కెట్ నుండి ఉపసంహరించారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాకు చెందిన సుమారు 14 లక్షల మంది ఆరోగ్య రికార్డుల ఆధారంగా ప్రచురితమైన పరిశోధన ఆ ముప్పును సమర్థించింది. ఇటువంటి పరిశోధనలో గుండెపోటు రానివారిని వచ్చినట్లు లెక్కిస్తే మందుల మధ్య తేడా మరుగునపడవచ్చు. హానికరమైన మందు సురక్షితమైనదిగా కనిపించవచ్చు.

ముగింపు:
నమోదు స్వయంగా సత్యం కాదు. ఒక కాలపు నిర్వచనం, ఒక వ్యవస్థ అవసరం కలిసి రూపొందించిన సాక్ష్యం. ఒకచోట, ఒక కాలంలో నిలిచిన ప్రామాణ్యం మరొకచోటికి దానంతటదే వర్తించదు. నిర్వచనం మారినప్పుడల్లా, సంకేత విధానం మారినప్పుడల్లా ఆ సాక్ష్యాన్ని తిరిగి పరీక్షించవలసి ఉంటుందని ఈ చరిత్ర నిరూపిస్తోంది.