జేబు పుస్తకంలో గీతాంజలి

1918 నవంబరు 11. యుద్ధం ముగిసిందని ఇంగ్లండులో ష్రూస్‌బరీ పట్టణమంతా చర్చి గంటలు మోగుతున్నాయి. సరిగ్గా ఆ వేళ సూసన్ ఓవెన్ ఇంటికి టెలిగ్రాం వచ్చింది. వారం క్రితం, 4వ తేదీన, ఫ్రాన్సులో ఓర్స్ అనే పల్లె దగ్గర కాలవ దాటే పోరులో పెద్ద కొడుకు విల్‌ఫ్రెడ్ పోయాడు. పాతికేళ్ళవాడు.

కుర్రాడు కవి. 1917లో యుద్ధంలో మనసు చెదిరి ఎడింబరోలో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. యుద్ధం ఎంత ఘోరమో అక్కడే కవితలు రాశాడు. అయినా 1918 ఆగస్టు చివర్లో మళ్ళీ వెళ్ళాడు.

వెళ్ళేముందు తల్లీ కొడుకులిద్దరూ సముద్రం కేసి చూస్తూ నిలబడ్డారట. అవతలి ఒడ్డు ఫ్రాన్సు. అప్పుడతను ఏవో రెండు మాటలు చెప్పాడు. తర్వాత అతని జేబు పుస్తకం ఇంటికి చేరింది. అందులో అవే మాటలు, కింద రవీంద్రనాథ్ టాగూరు పేరు!

1920లో ఆవిడ టాగూరుకి ఉత్తరం రాసింది. అడిగింది ఒక్కటే: ఆ పద్యం మొత్తం మీ ఏ పుస్తకంలో దొరుకుతుందండీ అని.

అది గీతాంజలి. చలంగారి తెలుగులో మనలో ఎంతమందిమో చదువుకున్న పుస్తకమే. లోకానికి ఓవెన్ గొప్ప యుద్ధకవి. ఆ తల్లికి మాత్రం, బిడ్డ చివరిసారి చెప్పిన మాట పూర్తిగా వినాలి. అంతే కదూ!