నికోబారు పలక మీద దొరగారి టోపీ

రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుడి మామగారైన రాజేంద్ర చోళుడు 1025లో తూర్పు సముద్రం మీదుగా నడిపిన నౌకా దండయాత్రకు వెయ్యేళ్లు నిండడంతో, ఆ విజయాలను ఏకరువు పెట్టే తంజావూరు శాసనం మళ్లీ చర్చకు వచ్చింది. శ్రీవిజయం, కడారం వంటి పెద్ద పేర్ల హోరులో అందులోని మానక్కవారాన్ని, అంటే నికోబారు దీవులను, తలచినవారు తక్కువ. అంతకు చాలా ముందే, ఏడో శతాబ్దంలో, చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్ ఈ దీవుల వాళ్లు పడవల్లో ఓడలకు ఎదురువచ్చి కొబ్బరికాయలిచ్చి ఇనుము అడిగేవారని రాసిపెట్టాడు. ఆ తరువాతి వందల ఏళ్ల గురించి దొరికే ఆధారాలు బహు స్వల్పం. డెన్మార్కు 1756లో దీవులు తనవని ప్రకటించుకుని, జ్వరాలకు తాళలేక పదేపదే విడిచిపెట్టి, చివరకు 1868లో బ్రిటిషువారికి అమ్మివేసింది.

ఓడలవాళ్లు వచ్చి పోయారు గాని, వారి సామాను మాత్రం నికోబారీల బొమ్మల్లో నిలిచిపోయింది. మధ్య నికోబారులో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, మంత్రవైద్యుడైన మెన్లువానా చెప్పిన ప్రకారం ‘హెంతా’ను, అంటే దుష్టాత్మలను దూరంగా ఉంచడానికి ఇంట్లో నిలిపే బొమ్మల పలకను, చేయించేవారు. చెక్కను గాని, సాపు చేసి ఆరబెట్టిన వక్కమట్టను గాని తీసుకుని, పైభాగాన సూర్యచంద్రులను, నడుమ దేవుసె అనే సృష్టికర్తను రాసి, మిగిలిన జాగా అంతా వరుసలుగా నింపేవారు. ఆ వరుసల్లో కొబ్బరిచెట్టు, పంది, చేప ఉన్నచోటే తెరచాప ఓడ, అద్దం, గడియారం, కత్తి, చెంచా, కుర్చీ కూడా కనిపిస్తాయి. దేవుసె సైతం ఒక్కోసారి పరదేశి దుస్తుల్లో దర్శనమిస్తాడు. ఇంటికి కాపలాగా నిలిపే ‘కరెయావు’ అనే కొయ్యబొమ్మల్లో కొన్నింటి నెత్తిన పొడవాటి దొరటోపీ ఉండడం చూస్తే, దయ్యాలు కూడా హోదాకు జంకుతాయని ఆ శిల్పులు గట్టిగా నమ్మినట్టుంది.

నగరాల రూపశిల్పులు గిరిజన కళలో నమూనాలు వెతుక్కోవడం నేడు సర్వసాధారణం కాగా, ఇక్కడ దీవివాసులే దొరల వంటపాత్రలలో, వస్త్రాలలో తమ నమూనాలను చూసుకున్నారు. ఇత్సింగ్ కాలపు ఇనుము మోజే తరువాత చెంచాగా పలకెక్కిందనుకోవడం ఊహే అయినా, కొట్టిపారేయదగినది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ అధికారిగా ఉన్న ఇ.హెచ్. మాన్ వంటివారు సేకరించి పంపిన వస్తువులు ఇంగ్లండు మ్యూజియాలకు చేరాయి; అక్కడి సందర్శకులు వింతగా చూసినది, ఒక విధంగా, తమ ఇంటి సామానునే.

ఇరవయ్యో శతాబ్దంలో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ప్రభావంతో క్రైస్తవం స్థిరపడ్డాక, మెన్లువానాతో పాటు హెంతా అవసరమూ తగ్గిపోయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తీర గ్రామాలను తుడిచిపెట్టగా, గడ్డి కప్పిన గుండ్రటి గుడిసెలు ఉన్నచోట సర్కారు రేకుల ఇళ్లు లేచాయి. ఇటీవల ఆ గుడిసెకు, హోడీ అనే పడవకు, నికోబారీ చాపకు, అండమాను పడౌక్ కొయ్యపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ జాబితాలో హెంతా లేదు.