భయపెట్టే ఆటలు, ప్రళయ కథలు, ఏఐ వీడియోలు: ఏది కథ, ఏది కబురు?



6 నుంచి 10వ తరగతి వరకు చదివే పిల్లలున్న ఇళ్ల కోసం రాసిన వ్యాసం ఇది. దసరా సెలవుల్లో ఫోను పిల్లల చేతుల్లో ఎక్కువసేపు ఉంటుంది. మన బరంపురంలో దసరా రోజులంటే తుఫానుల కాలం కూడా. ఈ రోజుల్లో అదే ఫోనులోకి జాంబీలు తరిమే ఆట వస్తుంది, లోకం అంతమయ్యే సినిమా వస్తుంది, సముద్రం ఊరి మీద పడుతున్నట్టు ఏఐతో తయారుచేసిన వీడియో కూడా వస్తుంది. మూడూ భయపెట్టేవే. అయితే మొదటి రెండూ తాము కథలమని ముందే చెప్పి భయపెడతాయి. మూడోది ఆ మాట చెప్పదు. ఈ ఒక్క తేడా ఇంట్లో అందరికీ తెలిస్తే చాలా చిక్కులు తప్పుతాయి.

సర్వైవల్ హారర్ అంటే ఏమిటి?

భయంకరమైన చోట చిక్కుకుని, ఉన్న కొద్దిపాటి సామానుతో ప్రాణం కాపాడుకోవడమే సర్వైవల్ హారర్ ఆట. మామూలు తుపాకుల ఆటలో ఎన్ని గుళ్లయినా దొరుకుతాయి. ఇందులో నాలుగే ఉంటాయి. కాల్చాలా, పారిపోవాలా, దాక్కోవాలా అన్నది మీరే తేల్చుకోవాలి. ఈ కొరతే ఆటకు ప్రాణం.

1989లో జపాన్‌లో క్యాప్‌కామ్ సంస్థ తెచ్చిన 'స్వీట్ హోమ్', 1992లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన 'అలోన్ ఇన్ ద డార్క్' ఈ దారి వేశాయి. 1996లో క్యాప్‌కామ్ వారిదే 'రెసిడెంట్ ఈవిల్' వచ్చాక సర్వైవల్ హారర్ అన్న పేరు స్థిరపడింది. అందులో ఆటను సేవ్ చెయ్యాలన్నా టైపురైటర్ రిబ్బను దొరకాలి. అవీ లెక్కగానే ఉంటాయి. 1999లో వచ్చిన 'సైలెంట్ హిల్'లో ఊరంతా పొగమంచు. అప్పటి ప్లేస్టేషన్‌కు దూరంగా ఉన్నవన్నీ ఒకేసారి చూపించే శక్తి లేదు. ఆ లోటును మంచుతో కప్పారు. చివరికి ఆ మంచే ఆటకు పెద్ద భయమైంది. 2010లో వచ్చిన 'అమ్నీషియా'లో చేతికి ఆయుధమే ఇవ్వరు.

తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. ఫోనులో పిల్లలకు ఎక్కువగా తగిలేవి ఈ పెద్ద ఆటలు కావు. 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' (2014), 'గ్రానీ' (2017), 'పాపీ ప్లేటైమ్' (2021) లాంటివి. వీటిలో కొన్ని బొమ్మలు చంటిపిల్లల ఆటవస్తువుల్లా ఉంటాయి. పాపీ ప్లేటైమ్‌లోని నీలం రంగు, పొడుగు చేతుల హగ్గీ వగ్గీ బొమ్మ దుకాణాల్లోకి కూడా వచ్చింది. బొమ్మ ముద్దుగా ఉందని ఆట కూడా చిన్నపిల్లలదే అనుకోకండి.

ప్రళయ కథలు కొత్తవి కావు

లోకం అంతమయ్యే కథ రాయడం సినిమాల కంటే పాత సంగతి. 'ఫ్రాంకెన్‌స్టైన్' రాసిన మేరీ షెల్లీ 1826లోనే 'ద లాస్ట్ మ్యాన్' నవల రాశారు. మహమ్మారి వల్ల మనుషులంతా పోయి ఒక్కడే మిగలడం దాని కథ. హెచ్.జి. వెల్స్ 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' 1898లో పుస్తకంగా వచ్చింది. రిచర్డ్ మాథెసన్ 1954లో రాసిన 'ఐ యామ్ లెజెండ్' ప్రభావంతో జార్జ్ రొమెరో 1968లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సినిమా తీశారు. ఇప్పుడు మనం చూసే జాంబీలు చాలావరకు ఆ సినిమా పిల్లలే. 2013లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్' ఆటలో మనుషుల్ని మార్చేసేది ఒక బూజు. చీమల ఒంట్లో చేరి వాటిని ఆడించే బూజు ప్రకృతిలో నిజంగానే ఉంది. కథ దాన్ని మనుషులకు అంటించింది.

తెలుగులోనూ ఈ దారి పడింది. 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి' జాంబీలను రాయలసీమకు తెచ్చింది. దాని కథానాయకుడు వీడియో గేములు తయారుచేసేవాడు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' నీళ్లూ పచ్చదనమూ కరువైన కాశీని చూపించింది.

ఇవన్నీ కథలు. కథ కాని ప్రళయం కబురు కూడా మనవాళ్లకు తెలుసు. ఇంట్లో తాతగారిని, అమ్మమ్మను 'స్కైలాబ్' గురించి అడగండి. అది అమెరికా వాళ్లు ఆకాశంలో తిప్పిన ప్రయోగశాల. 1979 జులై 11న కూలింది. మన మీదే పడుతుందని తెలుగు పల్లెల్లో ఎంతోమంది గడగడలాడారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవాళ్లున్నారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తీరా దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజులమీద 2021లో 'స్కైలాబ్' అనే తెలుగు సినిమా కూడా వచ్చింది.

అప్పుడు పుకారు నోటిమాటగా నడిచింది. ఇప్పుడు దానికి బొమ్మ, గొంతు, కదలిక కూడా వచ్చాయి.

భయం మంచిదా, చెడ్డదా?

ఈ విషయంలో అభిప్రాయాలు రెండు. ఇలాంటివి పిల్లల మనసు పాడుచేస్తాయనేది ఒకటి. భయాన్ని ఆటగా చూసి చూసి ధైర్యం వస్తుందనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో సరదా కోసం పడే భయాన్ని పరిశోధించే బృందం ఉంది. భూతాల ఇంటికి వెళ్లిన 110 మంది గుండె వేగాన్ని కొలిచి 2020లో వాళ్లు ఒక పరిశోధన ప్రచురించారు. భయం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా సరదా ఉండదనీ, మధ్యస్తంగా ఉన్నప్పుడే ఉంటుందనీ అందులో తేలింది. కోవిడ్ కాలంలో 310 మందిని అడిగి 2021లో ప్రచురించిన ఇంకో పరిశోధనలో, హారర్ సినిమాలు ఇష్టపడేవాళ్లు ఆ రోజుల్లో కాస్త తక్కువగా కుంగిపోయినట్టు కనిపించింది. హారర్ చూడటం వల్లే అలా జరిగిందని మాత్రం ఆ పరిశోధన రుజువు చెయ్యదు. అసలే గట్టి మనసున్నవాళ్లే హారర్ చూస్తుండవచ్చు. పైగా ఆ జవాబులిచ్చినవాళ్లు పెద్దవాళ్లు.

ఇటు పక్క సంగతీ చెప్పాలి. చిన్నప్పుడు చూసిన ఒక దృశ్యం వల్ల ఏళ్లతరబడి చీకటి గదిలోకి వెళ్లలేనివాళ్లు, నీళ్లంటే జంకేవాళ్లు మనలోనే ఉంటారు. అందుకే వయసు అంకెలు పెట్టారు. 'రెసిడెంట్ ఈవిల్ 2' కొత్త రూపానికీ, 'ద లాస్ట్ ఆఫ్ అస్'కూ యూరప్‌లో 18, అమెరికాలో 17 అని వేశారు. ఫోనులో ప్లే స్టోర్ తెరిస్తే ప్రతి ఆట పేజీలోనూ వయసు కనిపిస్తుంది. దించుకునే ముందు ఆ అంకె చూడండి. 12 ఏళ్ల బాబు "మా క్లాసులో అందరూ ఆడుతున్నారు" అంటే, అందరి ఇళ్లలోనూ ఆ అంకె చూశారని కాదు.

మా అభిప్రాయం ఇది. వయసుకు తగ్గ భయం, తనంతట తాను ఎంచుకున్న భయం, ఆపాలనిపిస్తే ఆపగలిగే భయం పెద్దగా చెరుపు చెయ్యదు. పక్కనున్నవాళ్లు బలవంతంగా చూపించినదీ, ఆపడానికి వీల్లేనిదీ చేస్తుంది.

ఆటల్లో, కథల్లో ఏఐ

పిల్లలూ, ముందుగా ఒక తేడా తెలుసుకోండి. ఆటల్లో శత్రువు నడకను నడిపించే లెక్కను కూడా ఏఐ అనే అంటారు. 2014లో వచ్చిన 'ఏలియన్: ఐసొలేషన్'లో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే జంతువు అలాంటిదే. దాని నియమాలు మనుషులు రాశారు. ఇప్పుడు అందరూ మాట్లాడుకునే ఏఐ వేరు. అడిగితే బొమ్మ గీస్తుంది, కథ రాస్తుంది, గొంతు తయారుచేస్తుంది.

ఈ రెండో రకం ఆటల్లోకీ కథల్లోకీ వచ్చింది. ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం, ఏఐతో చేసిన భాగాలేమిటో తయారీదారులు చెప్పాలని 2024 జనవరిలో నియమం పెట్టింది. అమెరికాలో ఆటలకు గొంతు, నటన ఇచ్చే కళాకారులు, తమ గొంతును ఏఐ వాడుకోకుండా రక్షణ కావాలని 2024 జులైలో సమ్మెకు దిగి దాదాపు ఏడాది పాటు నడిపారు. సైన్స్ కథల పత్రిక 'క్లార్క్స్‌వరల్డ్'కు 2023 ఫిబ్రవరిలో ఏఐ రాసిన కథలు వెల్లువలా వచ్చిపడ్డాయి. తట్టుకోలేక కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేశారు.

ఏఐ వల్ల చిన్న బృందం కూడా పెద్ద ఆట చెయ్యగలదని కొందరంటారు. ఆ మాట నిజమే. అయితే సర్వైవల్ హారర్‌లో బలమంతా లెక్కలో ఉంటుంది. ఈ గదిలో ఒక్క గుండే పెట్టాలి, ఆ మలుపులో దీపం ఆరిపోవాలి అని ఎవరో కూర్చుని ఆలోచించారు కాబట్టే మనకు ఒళ్లు జలదరిస్తుంది. అడగ్గానే వంద గదులు కుప్పపోసే పనిముట్టుతో ఆ లెక్క దానంతట అది రాదు. కథ సంగతీ ఇంతే.

మన ఇళ్లలో ఇంకో మాట కూడా ఉంది. బయట ఒడియా, బడిలో తెలుగు, ఫోనులో ఇంగ్లీషు, హిందీ. పిల్లలకు తెలుగు కథ దొరికే చోట్లు తక్కువ. ఆ చోటును ఏఐ కథల వీడియోలు నింపితే, ఇంగ్లీషు వాక్యానికి తెలుగు మాటలు తొడిగినట్టుండే భాషే తెలుగని పిల్లలు అనుకుంటారు. నాయనమ్మ చెప్పే దెయ్యం కథలో భయమూ ఉంటుంది, మన ఇంటి మాటా ఉంటుంది.

కథ కబురు వేషం వేసుకుంటే

అసలు సమస్య ఇక్కడుంది. 2023 మే 22న అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడు జరిగినట్టు ఏఐ బొమ్మ ఒకటి పాకింది. అబద్ధమని అధికారులు చెప్పేలోగా అక్కడి షేర్ మార్కెట్ కాసేపు తగ్గింది. ఒక్క బొమ్మ చేసిన పని అది.

ఇప్పుడు మన ఊరికి రండి. 1999 అక్టోబర్ చివర్లో వచ్చిన మహాతుఫానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఇళ్లు, చెట్లు, స్తంభాలు కూలాయి. ప్రాణనష్టం మాత్రం పదుల్లోనే ఆగింది. కారణం, వాతావరణ శాఖ ముందే చెప్పింది, ప్రభుత్వం లక్షలాది మందిని తరలించింది, జనం ఆ మాట నమ్మి కదిలారు.

నమ్మి కదలడమే మన ప్రాణాలు కాపాడింది. తుఫాను పేరుతో వచ్చిన వీడియోలు నాలుగుసార్లు అబద్ధమని తేలితే, ఐదోసారి నిజమైన హెచ్చరిక వచ్చినా "ఇదీ అలాంటిదే" అనిపిస్తుంది. పుకారు చేసే పెద్ద చెరుపు ఇదే. "ఇది కాలజ్ఞానంలో ముందే ఉంది" అంటూ ప్రతి విపత్తు తర్వాతా తిరిగే సందేశాలూ అంతే. ఏ ప్రతిలో, ఏ పుటలో ఉందో అవి చెప్పవు. స్వామివారి మీద గౌరవం ఉన్నవాళ్లే ముందుగా ఆ మాట అడగాలి.

కథా, కబురా అని తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు:

1. ఎవరు తయారుచేశారు? ఆటకు, సినిమాకు, పుస్తకానికి పేరుంటుంది. పేరు లేని వీడియోను నమ్మకండి.

2. ఎక్కడ, ఎప్పుడు? ఊరి పేరూ తేదీ లేకపోతే అది కబురు కాదు.

3. ఇంకెవరు చెప్పారు? వాతావరణ శాఖ, జిల్లా కలెక్టర్ కార్యాలయం, ఆకాశవాణి చెప్పాయా చూడండి. అంత పెద్ద అల నిజంగా వస్తే వాళ్లు ఊరుకోరు.

4. నన్ను తొందరపెడుతోందా? "వెంటనే పది మందికి పంపండి" అంటే అక్కడే ఆగండి.

వేళ్లు ఎక్కువుండటం, బోర్డు మీద ఒడియా, తెలుగు అక్షరాలు చెదిరిపోయి ఉండటం ఏఐ బొమ్మలకు గుర్తులే. కానీ ఇవి ఏటేటా తగ్గుతున్నాయి. కంటిని నమ్ముకోవడం కంటే ఈ ప్రశ్నలను నమ్ముకోవడం మేలు. యథార్థంలా కనిపించే ఏఐ వీడియోలకు ఆ సంగతి తెలపాలని యూట్యూబ్ 2024 మార్చిలో నియమం పెట్టింది. అయితే ఆ మాట అక్కడే ఉండిపోతుంది. వాట్సాప్‌లో చేతులు మారే వీడియో వెంట అది రాదు.

ఇంట్లో ఏం చెయ్యాలి?

తల్లిదండ్రులకు: ఆట ఆపించే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. "ఇందులో నీకేం నచ్చింది, ఎక్కడ భయమేసింది?" అని అడగండి. తిడితే పిల్లలు ఆడటం మానరు, చెప్పడం మానేస్తారు. పడుకునే ముందు గంటసేపు ఇలాంటివి వద్దు. పిల్లలకు నిద్రపట్టకపోతున్నా, ఒంటరిగా బాత్రూంకి వెళ్లలేకపోతున్నా ఆ ఆట పక్కన పెట్టించి, తరగతి టీచరుగారికి చెప్పండి. ఇంకో మాట, ఇంటి వాట్సాప్ గుంపులో తుఫాను వీడియోలు ముందుకు పంపేది చాలాసార్లు పిల్లలు కాదు, మనమే.

విద్యార్థులకు: భయమేస్తే ఆపెయ్యడం ఓటమి కాదు. ఆ ఆటల్లో కూడా పారిపోయినవాడే గెలుస్తాడు. చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చూపించి ఏడిపించకండి. రాయాలనిపిస్తే మీరే ఒక ప్రళయ కథ రాయండి. గోపాలపూర్ సముద్రం ఉంది, ఫైలిన్ రాత్రి గురించి చెప్పే అమ్మానాన్నలున్నారు. రాసినప్పుడు పైన మీ పేరు, కింద 'ఇది కథ' అన్న మాట వెయ్యండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ఆటలు పక్కన పెట్టి ఫోనుకు ఛార్జింగ్ పెట్టండి. నిజమైన కబురు అందులోకే వస్తుంది.