మలేరియా నిర్ధారణ: లండన్ నుంచి సికింద్రాబాద్‌కు

చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించడం మీకు మామూలు విషయమే. 1880లో లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నా, భారతదేశంలో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ చాలాకాలం దాన్ని నమ్మలేదు. 1894లో ఆయనకు దాన్ని చూపినవాడు లండన్‌లోని పాట్రిక్ మాన్సన్. దేశదేశాల నుంచి వచ్చే నావికుల ఆసుపత్రిలో మాన్సన్ వైద్యుడన్నది ఇక్కడ గమనించండి. జ్వరాల దేశంలో ఉన్నవాడు ఆ జీవిని చూడటానికి లండన్ వెళ్లాల్సి వచ్చింది!

పరాన్నజీవి ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్న ప్రశ్నతో రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలా రక్తం తాగిన ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని వర్ణకమున్న కణాలు కనిపించాయి. రక్తంలోని పరాన్నజీవిలో ఉండే వర్ణకమూ అలాంటిదే.