గింజలు పోగేసి కట్టిన కళాశాలలు

ఈ మహాసభలకు వచ్చిన ప్రతిసారీ కార్యక్రమాల పట్టికలో నేను ముందుగా వెతికేది సంగీత విభావరి ఎప్పుడని కాదు, పూర్వ విద్యార్థుల సమావేశాలు ఎక్కడని. వైద్య కళాశాలల వారికి పెద్ద హాలు ఇస్తారు. ఇంజనీరింగు వారికి ఓ మాదిరి గదులు దొరుకుతాయి. మా కృష్ణా జిల్లా చిన్న డిగ్రీ కళాశాల పేరు ఆ పట్టికలో ఏనాడూ కనబడలేదు. మేం ఏడెనిమిది మందిమి భోజనాల దగ్గర ఓ మూల బల్ల చూసుకుని కూర్చుంటాం. కిందటిసారి అలా కూర్చున్నప్పుడు మాకంటే పదేళ్లు చిన్నవాడొకడు, "అన్నా, మనం పంపే వందా రెండొందల డాలర్లు ఆ కాలేజీకి ఏ మూలకి?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వెళ్లాక పాత పుస్తకాలు తిరగేశాను. ఈ వ్యాసం అతనికి ఆలస్యంగా ఇస్తున్న జవాబనుకోండి.

మా కళాశాల కట్టినప్పటి సంగతి నాన్నగారు చెబితే విన్నదే. ఊళ్లో నలుగురు పెద్దలు ఎడ్లబండి కట్టుకుని కళ్లాల వెంట తిరిగారట. ఎకరానికి ఇన్ని కుంచాలని లెక్క. లేనివాళ్లు రాళ్లు మోశారు. చిన్నప్పుడు ఇది విని, ఇంత నాటుగా కాలేజీలు కట్టేది మనవాళ్లేనేమో అనుకునేవాణ్ణి. అమెరికా వచ్చిన ముప్ఫై ఏళ్లకు తెలిసింది, హార్వర్డ్ కూడా అలాగే నిలబడిందని!

1636లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం ఒక కళాశాలకు 400 పౌండ్లు మంజూరు చేసింది. రెండేళ్లకు జాన్ హార్వర్డ్ అనే యువ మతబోధకుడు క్షయతో చనిపోతూ తన ఆస్తిలో సగం, సుమారు 400 పుస్తకాలు దానికి రాసిచ్చాడు. ఆ పేరే నిలిచింది. అందరికీ తెలిసిన కథ ఇంతవరకే. ఆ డబ్బు అయిపోయాక 1644లో న్యూ ఇంగ్లండ్ వలసల్లోని ప్రతి కుటుంబాన్నీ ఏడాదికి పావు బుషెల్ ధాన్యం ఇమ్మని అడిగారు. లేదా అంత విలువ చేసే మరేదైనా ఇవ్వవచ్చు. పావు బుషెల్ అంటే మన లెక్కన ఆరేడు కిలోలు. దాన్ని 'కాలేజీ కార్న్' అన్నారు. పేద విద్యార్థుల చదువుకు ఆ గింజలు పనికొచ్చాయి. ఈనాడు ప్రపంచంలోకెల్లా పెద్ద మూలనిధి ఉన్న విశ్వవిద్యాలయం ఒకప్పుడు గడప గడపకూ గంప పట్టుకుని తిరిగింది.

యేల్ కథ మనకు ఇంకా దగ్గరది. 1701లో కనెక్టికట్‌లో పుట్టిన ఆ చిన్న బడి 1716లో న్యూహేవెన్‌కు చేరింది. భవనం మొదలుపెట్టారుగాని డబ్బు చాలలేదు. లండన్‌లో ఉన్న ఎలిహు యేల్ అనే ధనికుడికి కాటన్ మాథర్ అనే బోస్టన్ మతాచార్యుడు ఉత్తరం రాశాడు, మీరు సాయం చేస్తే మీ పేరు పెట్టవచ్చునని. 1718లో యేల్ తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, ఒకటో జార్జి రాజు చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్ల పైచిలుకు వచ్చింది. కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఇంత తక్కువ ధరకు ఇంత పెద్ద పేరు ఇంకెవరికీ దొరికి ఉండదు!

ఇంతకీ ఆయన ధనం ఎక్కడిది? మన చెన్నపట్నానిది. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా వచ్చి, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోట గవర్నరుగా చేశాడు. ఆ కోట ఉన్న నేల 1639లో దామెర్ల నాయకులు ఇచ్చింది. చెన్నప్ప నాయకుడి పేరే చెన్నపట్నమయింది. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు అక్కడ కంపెనీకి బట్ట సమకూర్చినవారు. యేల్ పంపిన బేళ్లలో మస్లిను, కాలికో తానులూ ఉన్నాయి. మరో మాట కూడా చెప్పాలి. ఆయన హయాములో మద్రాసు నుంచి బానిసలను ఓడలెక్కించారు. సొంత వ్యాపారంలో లాభాలు మితిమీరాయన్న ఆరోపణలతో కంపెనీయే ఆయన్ని పదవి నుంచి తప్పించింది. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యేల్ విశ్వవిద్యాలయం 2024లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మన నేతగాళ్ల సంగతి అందులో ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతున్నాను.

దాత సంగతి అలా ఉంటే, అడిగి తెచ్చినవాడికి జరిగిన అన్యాయం డార్ట్‌మత్‌లో చూడాలి. మొహెగన్ తెగకు చెందిన శాంసన్ ఓకమ్ అనే బోధకుడు 1766 నుంచి రెండేళ్లకు పైగా ఇంగ్లండు, స్కాట్లండులలో ఊరూరా ప్రసంగాలు చేసి సుమారు 12,000 పౌండ్లు పోగుచేశాడు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. అమెరికా ఆదివాసీ పిల్లల చదువు కోసమని ఇచ్చారు దాతలు. ఆయన గురువు ఎలియేజర్ వీలాక్ ఆ డబ్బుతో 1769లో డార్ట్‌మత్ కళాశాల పెట్టాడు. అందులో చేరింది ఎక్కువగా తెల్లవారి పిల్లలే. ఓకమ్ మనసు విరిగి ఆయనతో తెగతెంపులు చేసుకున్నాడు. ఓకమ్ స్వహస్తంతో రాసిన కాగితాలను డార్ట్‌మత్ 2022లో మొహెగన్ తెగకు తిరిగి ఇచ్చింది. చందా ఇచ్చేటప్పుడు దేనికోసమో కాగితం మీద రాయించుకోవాలన్న నా చాదస్తం ఈ కథ చదివాక ఇంకా ముదిరింది.

ఇక పూర్వ విద్యార్థులు రంగంలోకి దిగింది 1821లో. మసాచుసెట్స్ కొండల్లోని విలియమ్స్ కళాశాల మరీ మారుమూల ఉందని, దాన్ని వేరే చోటికి మార్చాలని దాని అధ్యక్షుడే పట్టుబట్టాడు. కుదరకపోయేసరికి కొంతమంది విద్యార్థులను వెంటబెట్టుకుని ఆంహర్స్ట్‌లో పెడుతున్న కొత్త కళాశాలకు వెళ్లిపోయాడు. విలియమ్స్ మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. అప్పుడు అక్కడ చదివినవారు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ దేశంలో పూర్వ విద్యార్థుల సంఘాలకు అదే మొదలు. కోపంలో పుట్టిన సంఘమన్న మాట. 1890లో యేల్ పూర్వ విద్యార్థులు ఇంకో అడుగు వేసి, ఏటా అందరినీ ఎంతో కొంత అడిగే నిధి ప్రారంభించారు. ఇప్పుడు మనకు ప్రతి డిసెంబరులో వచ్చే విరాళాల ఉత్తరాలకు మూలం అదే.

మనవైపు చూస్తే బందరు ముందు గుర్తొస్తుంది. వందేమాతరం వేడిలో 1907లో బిపిన్ చంద్ర పాల్ వచ్చి ప్రసంగించి వెళ్లాక, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. సర్కారు సొమ్ము ముట్టకూడదన్నది పట్టుదల. కనుక చందాలే గతి. హనుమంతరావు గారు తాను చదివిన న్యాయశాస్త్రాన్ని పక్కనపెట్టి 1922లో కన్నుమూసేదాకా ఆ కళాశాలనే పట్టుకుని ఉన్నారు. అడివి బాపిరాజు గారు 1930లలో అక్కడే ప్రిన్సిపాలుగా చేశారు. తరువాతి తరంలో గుడివాడ కళాశాలకు అక్కినేని నాగేశ్వరరావు గారు విరాళమిస్తే ఆయన పేరు పెట్టారు. ఆయన ప్రాథమిక బడి దాటి చదువుకోలేదు. ఇక గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్లు 'జింకానా' పేరిట ఇక్కడినుంచి గుంటూరు పెద్దాసుపత్రికి చేసిన సేవ మీ అందరికీ తెలుసు. కాని డాక్టర్ల లెక్క వేరు. మా కళాశాలలో చదివినవారిలో ఎక్కువమంది బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, రైతులు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. పదిహేనేళ్ల క్రితం మా కళాశాల స్వర్ణోత్సవానికి మేం ఇక్కడినుంచి డబ్బు పంపాం. దానితో గ్రానైటు ముఖద్వారం కట్టారు. మా పేర్లు బంగారు అక్షరాలతో చెక్కించారు. ఫొటో చూసి నేనూ మురిసిపోయాను. తరువాత ఒక సెలవుల్లో వెళ్లి ద్వారం దాటి లోపలికి నడిస్తే భౌతికశాస్త్రం ప్రయోగశాలకు తాళం వేసి ఉంది. ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్నవారు రిటైరవుతూ పోయారు, ఖాళీలు నింపలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించమన్నప్పుడు చాలా కళాశాలల్లో ఉన్న కొద్దిమందీ వెళ్లిపోయారు. మాదీ అందులో ఒకటి. యాజమాన్యాన్ని తప్పుపట్టడం తేలికే. ద్వారం కావాలా, మాస్టారు కావాలా అని మేము అడగలేదు కదా!

ఈ సందర్భంలో వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ మహిళా కళాశాల సంగతి చెప్పాలి. 2015 మార్చిలో యాజమాన్యం, ఆ ఆగస్టులో కళాశాల మూసేస్తున్నామని ఉన్నట్టుండి ప్రకటించింది. బ్యాంకులో ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా మూలనిధి ఉంది. కాని అందులో చాలాభాగం ఫలానా పనికే వాడాలన్న షరతులతో దాతలిచ్చింది. పూర్వ విద్యార్థినులు ఊరుకోలేదు. కోర్టుకెక్కారు, చందాలు పోగుచేశారు. జూన్‌లో రాజీ కుదిరింది. వారు కోటీ ఇరవై లక్షల డాలర్లు ఇవ్వాలి, మూలనిధిలో కోటీ అరవై లక్షల మీద షరతులు సడలించడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ అంగీకరించాలి. పాత అధ్యక్షుడు దిగిపోయాడు. కళాశాల తెరిచే ఉంది. షరతు లేని డబ్బు విలువ నాకు అక్కడ తెలిసింది. ఓకమ్ కథ చెప్పి, వెంటనే ఇది చెబుతున్నానేమని మీరు అడగవచ్చు. రెండూ నిజమే. ఎవరికిస్తున్నామో నమ్మకం ఉంటే షరతు తగ్గించవచ్చు, లేకుంటే రాయించుకోవాలి.

మేం ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. ముప్ఫై ఒక్క మందిమి నెలకు పాతిక డాలర్లు వేసుకుని భౌతికశాస్త్రానికి ఒక అధ్యాపకురాలి జీతం భరిస్తున్నాం. దీనికి ఉన్న చిక్కులు కూడా తెలుసుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే అక్కడి సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే చేరాలి, వచ్చినదాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాంకు ద్వారా సొంత డబ్బు పంపితే ఈ బాధ లేదు. మీ కంపెనీ సరిజోడు విరాళం ఇచ్చేదైతే ఇక్కడి పన్ను మినహాయింపు సంస్థ ద్వారానే పంపాలి. ఈ కాగితాలకే మాకు ఏడాదిన్నర పట్టింది.

ప్రయోగశాల తాళం తీశాక మా ఊరినుంచి వచ్చిన మొదటి చందా రిటైరైన అటెండరుగారిది, 500 రూపాయలు. దానికి రసీదు పంపాం.

ఈసారి కూడా మేం భోజనాల హాలులో ఎడమచేతి మూల బల్ల దగ్గరే ఉంటాం. మీది ఏ కాలేజీ అయినా సరే, మా లెక్కల పుస్తకం చూడాలనుకుంటే శనివారం మధ్యాహ్నం రండి.